జీడి గుర్తు

"నేనెవరో నీకు తెలీదా?" అంటాడు విల్ఫ్ డ్రూరీ
తడి టోపీ తీసి నా బల్ల మీద పెట్టి.

తెలుసు.
గ్రిమ్స్‌బీలో మా ఆఫీసు మెట్ల కింద
పదకొండేళ్ళుగా కాడ్ చేపలు కోసిన మనిషి.
ఐస్‌లాండ్ నీళ్ళల్లో వించ్‌కి రెండు వేళ్ళిచ్చి
మిగిలిన ఎనిమిదితో బతుకు లాక్కొచ్చినవాడు.
"ఇదిగో నా గుర్తింపు కార్డు" అని
ఆ మొండి వేళ్ళే చూపిస్తాడు.

అయినా అడుగుతాను.
పాస్‌పోర్టు ఉందా? మూడు నెలల్లోపు కరెంటు బిల్లు?
క్లీథోర్ప్స్‌లో కొంటున్న ఆ చిన్న ఇంటికి
లక్షా పన్నెండు వేల పౌన్లు
ఎక్కడివి, ఎప్పటివి, ఎవరివి?

మెడ దాకా ఎర్రబడతాడు.
"నేను దొంగనా?"

ఈ ఊళ్ళో ప్రతిదానికీ వాసనుంది.
రేవుకి, బస్సు సీటుకి,
నువ్వు లేచి వెళ్ళాక నా కుర్చీకి.
వాసన లేనిది డబ్బొక్కటే, విల్ఫ్.

మా నాయనమ్మదీ రేవే. మున్నేటి చాకిరేవు.
మూట విప్పగానే ముందు చూసేది
మురికిని కాదు, గుర్తుని.
నల్లజీడి గింజలో సూది గుచ్చి
కాలరు లోపల, పంచె అంచున
కరణంగారికి మూడు చుక్కలు, డాక్టరుకో అడ్డగీత.
బట్ట చిరిగిపోతుంది గానీ ఆ చుక్క చెరగదు.
గుర్తులేని మూట గాడిద మీదికి ఎక్కించేది కాదు.
"దొంగ బట్ట ఉతికితే
దొంగతనంలో సగం మనదేనే" అనేది.

ఇక్కడికొచ్చే కొన్ని మూటలకి
గుర్తు చెరపడమే కావాల్సిన ఉతుకు.
కంపెనీ వెనక కంపెనీ,
దాని వెనక ఎక్కడో దీవిలో ఒక పోస్టు డబ్బా.
మా దస్తావేజుల్లో ముంచి తీస్తే చాలు,
ఇల్లై, తోటై, తెల్లగా ఆరుతుంది.

నేనూ ఉతికాను ఒకసారి.
లైసెన్సు వచ్చిన కొత్తలో మాల్యాద్రిగారని ఒకాయన,
అచ్చం మా ఖమ్మం యాస, చేతిలో కారప్పూస డబ్బా.
"మనవాళ్ళమే కదమ్మా, కాగితాలెందుకు?"
ఫైల్లో నా చేత్తోనే రాశాను:
క్లయింటు వ్యక్తిగతంగా తెలుసు.
మూడు ఇళ్ళు. మూడు తాళపుచేతులు.

రెండేళ్ళ తర్వాత ఎస్తేరు రాణి వచ్చింది,
నరసరావుపేట నర్సు.
వృద్ధుల హోమ్‌లో ఉద్యోగమని పద్దెనిమిది లక్షలు కట్టింది.
ఉద్యోగం లేదు. అసలా హోమే లేదు.
రసీదు మీదున్న చిరునామా
నేను రిజిస్టరు చేయించిన రెండో ఇల్లు,
ఒకే గదిలో ఆరుగురు ఆడవాళ్ళు.
"ఆయనెవరు మేడమ్?" అని అడిగింది.
ఫైలు తిరగేశాను. ఫోటో లేదు.
ఆ పేరు కూడా ఆయనది కాదని పోలీసులు చెప్పారు.
నేను రాసిన "తెలుసు" కింద
వాళ్ళ నాన్న ఎకరంన్నర పోయింది.

ఇదంతా విల్ఫ్‌కి చెప్పను. చెప్పకూడదు కూడా.
"రూలు" అంటాను.
తిట్టుకుంటూ మెట్లు దిగుతాడు.

గురువారం బిస్కెట్ల డబ్బాతో వచ్చాడు.
బస్ పాస్. పెన్షను ఉత్తరం.
ఓడ పనివాళ్ళ పుస్తకంలో పదిహేడేళ్ళ కుర్రాడు,
చెవులు మాత్రం ఇవే.
అన్నిటికన్నా అడుగున
నాలుగు మడతల ఇన్సూరెన్సు కాగితం:
జోన్ డ్రూరీ, మరణం, చెల్లించిన మొత్తం.

"డబ్బు ఎవరిదని అడిగావుగా.
ఆమెది" అన్నాడు.

పదకొండేళ్ళు.
రోజూ పలకరింపు, శుక్రవారం చేప, వాన కబుర్లు.
నా "తెలుసు"లో ఈ పేరు ఎక్కడా లేదు.

కాపీల మీద ముద్ర వేశాను: అసలు చూశాను.
సంతకం, తేదీ.
బొటనవేలికి సిరా అంటింది.
జీడి రసానికి నాయనమ్మ వేళ్ళు పొక్కేవి.
ఇది సబ్బుకే పోయే రకం.

ఎనిమిది వేళ్ళతో మూత బిగించుకుని
ఏమీ అనకుండా వెళ్ళాడు.
చేపల వాసన సాయంత్రం దాకా గదిలోనే ఉంది.
కిటికీ తీయలేదు.