రెండద్దాల నడుమ

బ్రెమెన్‌లో, గూడ్సు బండ్ల పట్టాల పక్కన
నాలుగంతస్తుల ఇల్లు. నెలాఖరుకి కూల్చేస్తారు.
ముందు కిటికీలు దించాలి, అది మా పని.

జంట అద్దాల మధ్య అల్యూమినియం పట్టీ మీద
చీమ తలకాయంత అక్షరాలు: ఎనభై ఎనిమిది, మార్చి.
నాన్న బిగించినవే.
మూల దగ్గర సీలు మీద బొటనవేలి నొక్కు,
ఆ అలవాటు ఆయనకొక్కడికే.

"లోపలేముంది?" అన్నాడు ఇల్కర్.
పనిలో చేరి మూడు వారాలు.

గాలి కాదురా. గాలికి ఐదింతల బరువు.
రంగు లేదు, వాసన లేదు, దేనితోనూ పొత్తు కలవదు.
సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్.
చప్పుడు దీన్ని దాటబోయి కాళ్లీడుస్తుంది.

మూడో అంతస్తులో వీబ్కె హార్మ్స్ ఉండేది.
రాత్రి డ్యూటీ నర్సు, పగలు కునుకు పట్టేది కాదు.
నాన్న కిటికీ మూశాక
బొగ్గు వ్యాగన్లు మూగనోళ్లు కదుపుతూ పోయాయట.
ఆవిడ మంచం మీద కూర్చుని ఏడ్చిందట.
రెండ్రోజులకి ఆపిల్ కేకు పట్టుకుని మా షెడ్డుకొచ్చింది.
ఆ కేకు నేనూ తిన్నాను.

నాన్నకు తెలీదు.
తెలిసినవాళ్లు మా షెడ్డు దాకా రాలేదు.
బొగ్గు చప్పుడుకి అడ్డం పెట్టిన ఈ వాయువు
బొగ్గుపులుసు వాయువుతో సమానంగా తూచి చూస్తే
వేడిని పట్టుకోవడంలో ఇరవై మూడు వేల రెట్లు పైమాటే.
ఎన్నాళ్లుంటుంది పైన?
వేయేళ్లో, మూడు వేలో,
లెక్కలు కట్టేవాళ్లే ఇంకా తేల్చుకోలేదు.
ఆవిడ నిద్రపోయింది ఇరవై రెండేళ్లు.

ఇల్కర్ సుత్తి ఎత్తాడు. ఆగమన్నాను.
పీల్చి పట్టే యంత్రం మా దగ్గర లేదు.
కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే
"గాజు తొట్టిలో పడిందా లేదా, అది చెప్పు" అన్నాడు.

పదకొండు కిటికీలు పగిలాయి.
బుస్సుమనలేదు, పొగ రాలేదు,
నీళ్లు ఒలికినంత సాక్ష్యం కూడా లేదు.
గాజు ఊడ్చాం. రొట్టె తిన్నాం.
ఖాళీ చట్రాల్లోంచి బండి చప్పుడు
బకాయి వసూలుకొచ్చినట్టు గదంతా నిండింది.

పన్నెండోది దుప్పట్లో చుట్టి వ్యానెక్కించాను.
"దాన్నేం చేస్తావు?" అన్నాడు ఇల్కర్.
ఏమో.
షెడ్డులో గోడకి ఆనించి ఉంది.
ఇన్నేళ్లలో సగం జారిపోయే ఉంటుంది,
మిగతాది జారుతోంది,
బహుశా నాన్న నొక్కిన ఆ మూలలోంచే.