కొండకి ఎంత దూరం

బ్రోకర్ నాంచారయ్య అడిగిన మొదటి మాట:
"తూర్పు వాకిలా మేడమ్, ఉత్తరమా?"
నేనడిగిన మొదటి మాట:
"ఇక్కణ్ణించి కొండకి నడిస్తే ఎంతసేపు?"
బండి స్లో చేసి అద్దంలో నన్ను చూశాడు.
"ఏ కొండకి?"

నిజమే. ఈ ఊళ్లో ఆ ప్రశ్న అడగాల్సిందే.
ఎర్రలైటు పడి తలెత్తిన చోటల్లా
ఏదో ఒక కొండ, నడుం దాకా ఇళ్లు కట్టుకుని.

మూడేళ్లకో బదిలీ నాది.
దిగిన మొదటివారం లేసులు బిగించి
ఊరికి మార్కులేస్తాను.
ఏలూరుకి కొండ లేదని కోసేశాను.
విశాఖకి ఎనభై వేశాక
ఆర్డరు వచ్చింది.
బెజవాడ దగ్గరే పెన్ను ఆగింది.

మే నెలలో తొమ్మిదింటికే తారు మెత్తబడి
సైకిల్ టైరుని పట్టుకు లాగుతుంది.
సీసాలో నీళ్లకి టీపొడి ఒక్కటే తక్కువ.
ఇబ్రహీంపట్నం వైపు తొక్కితే
బూడిద లారీ నా ఊపిరిలోంచే దారి తీసుకుంటుంది.
బందరు కాలవ గట్టున పరుగెత్తేటప్పుడు
ముక్కు మూసుకోవాలో,
కొంగని చూడ్డానికి ఆగాలో తెలీదు.
అది మాత్రం తేలుతున్న ధర్మాకోల్ ముక్క మీద
ఒంటికాలిపై నిలబడి
ఏ ఫిర్యాదూ లేకుండా చేప కోసం చూస్తోంది.

ఇరవై కోసేశాను.

అయితే నాలుగున్నరకి లేచిన రోజు
ఆ లెక్క నిలవదు.
బ్యారేజీ మీద దీపాలింకా ఆర్పరు.
సీతానగరం వైపు గాలి నీళ్ల మీద తడిసొచ్చి
మోచేతి వెంట్రుకల్ని ఒక్కొక్కటే లేపుతుంది.
గేట్ల కింద ఇసుకమేట దగ్గర ఎవరో వల విసురుతారు.
ఆ చప్పుడు బట్ట జాడించినట్టూ కాదు,
పక్షి లేచినట్టూ కాదు.
ఏమిటో తేల్చుకుందామని రెండోరోజూ వెళ్లాను,
పదకొండోరోజూ వెళ్లాను.

ఒక ఆదివారం కొండపల్లి అడవిలో
పొణికి చెట్టు నీడన అరటిపండు తిన్నాను.
బొమ్మ కావాల్సిన కొమ్మ
ఇంకా ఆకులతోనే ఉంది.

పద్దెనిమిది తిరిగిచ్చాను.
రెండు దగ్గరే ఉంచుకున్నాను, బూడిదకి.

"చూపించకూడదనుకున్నాను మేడమ్,"
చిట్టినగర్‌లో బండి స్టాండేస్తూ అన్నాడు నాంచారయ్య.
"నూట నలభై మెట్లు. గ్యాసు బండ మోస్తే
కుర్రాడికి వంద ఇవ్వాలి."
తను కిందే ఉండిపోయాడు, మోకాలు చూపించి.

నేను రెండేసి మెట్లు ఎక్కాను, హుషారుగా,
వాచీలో గుండె లెక్క చూసుకుంటూ.

పైన లూర్దమ్మ. నడుం మీద బిందె.
కుళాయి అరవయ్యో మెట్టు దగ్గరే ఆగిపోయిందట.
నా కాళ్లకేసి చూసింది. "ఎంత?"
సగం ధర చెప్పాను.
"ఎక్కడానికా!"
బిందె దించి మరీ నవ్వింది.
"ఎక్కినందుకు మాకెవరైనా ఇచ్చుంటే
ఈపాటికి కిందకి దిగిపోయుండేవాళ్లం."

వానలకి రాళ్లు దొర్లుతాయని చెప్పింది.
పోయినేడు ఒకటి పక్కింటి వంటగదిలోకొచ్చి
చుట్టంలా పొయ్యి పక్కన కూర్చుందట.
మనిషి ఆ పూట పనికి పోయింది కాబట్టి
ఇప్పుడిలా నవ్వుతూ చెప్పుకుంటున్నారు.

నా పుస్తకంలో
'కొండకి దగ్గర' అని రాసి పక్కన పది వేసుంది.
ఆమె ఆ మాటే రాస్తే
పక్కన ఏం వేస్తుంది?

వరండా లోంచి కృష్ణ కనిపిస్తోంది,
వంతెన మీద గూడ్సు, చివర ఎక్కడుందో తెలీకుండా.
అంత గాలి నేను ఏ ఊళ్లోనూ తినలేదు.
"అద్దె?" అన్నాను.
"రోజూ ఒక బిందె తెచ్చిపెడతావా?
రెండొందలు తగ్గిస్తా."

ఉత్తినే, చూద్దామని, ఖాళీ బిందెతో దిగి
నింపుకుని ఎత్తాను.
తొంభయ్యో మెట్టు దగ్గర
వాచీ ఏదో హెచ్చరిక మోగించింది.
నీళ్లు తొణికి ఖరీదైన షూలోకి పోయాయి.
"అవి విప్పేసి ఎక్కు!" పైనించి లూర్దమ్మ.
"ఇంకోటుంది మేడమ్, లిఫ్టుంది!" కిందనించి నాంచారయ్య.

మెట్టు మీద బిందె దించి
లేసు ముడి విప్పుతున్నాను.
తడికి బిగుసుకుపోయింది.