నమూనా పద్నాలుగు

ఆటోనగర్‌లో లేతు మిషన్ల మధ్య
మాది రేకుల షెడ్డు.
ఎడమ పక్క లారీ కమాన్లు వంచుతారు,
కుడి పక్క రేడియేటర్లకి మాట్లేస్తారు,
మధ్యలో మేం,
చర్మానికి.

సత్తార్ గారు డబ్బా మూత తిప్పి
నా ముంజేతి మీద ఒక్క చుక్క వదిలారు.
రంగు లేదు. వాసన లేదు.
నీళ్ళేమో అనుకున్నాను గానీ
నీళ్ళకి ఇంత తొందర ఉండదు,
వేలు పెట్టకముందే
మోచేతి దారి పట్టింది.
"ఐసోహెక్సాడెకేన్," అన్నారు,
"నోరు తిరక్కపోతే పదహారు అను."

అప్పట్నుంచి మాకది పదహారు.

పదహారు కర్బనాల గొలుసు.
తిన్నగా ఉంటే ఒకదాని పక్కన ఒకటి పడుకుని
కాస్త చల్లబడగానే గడ్డకట్టేవి.
వీటికి పక్కలకి కొమ్మలు.
కొమ్మలున్నవి వరసలో ఇమడవు,
ఇమడవు కనకే జారతాయి
జిడ్డుగా మిగలకుండా.
చెట్టుకి కాసింది కాదు, గానుగలో ఆడింది కాదు,
ఎక్కడో గొట్టాల్లో పుట్టింది.
"దాన్ని నూనంటే నేనొప్పుకోను" అంటుంది మా అమ్మ
నువ్వుల నూనె సీసా మీద చెయ్యేసి.

మే నెల్లో నీళ్ళు కట్టేశాక
బందరు కాలవ అడుగున ఒండ్రు చూశారా,
పెళ్ళలుగా విడిపోయి
అంచులు పైకి లేస్తాయి.
చర్మం పై పొర కూడా అంతే.
పదహారు ఆ పగుళ్ళలోకి దిగి
అంచుల్ని పడుకోబెడుతుంది.
లోతుకి పోదు. రోగం నయం చెయ్యదు.
ఉన్న తడిని కాసేపు
పోనివ్వకుండా చూస్తుంది, అంతే.

వెంట్రుక అయితే పెంకుటిల్లు.
పెంకులు లేచి ఒకదాన్నొకటి పట్టుకుంటే చిక్కు.
పదహారు వాటి మీదుగా నడిచిపోతే
దువ్వెన ఏడుపు లేకుండా దిగుతుంది.

ఆదివారం నమూనా పద్నాలుగుని
చిన్న సీసాలో పోసుకుని పల్లెవెలుగెక్కాను.
గుంటూరు ముందు ముక్కుకొచ్చి
తర్వాత కంటికొచ్చింది.

ఏస్తేరు పెద్దమ్మ
కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరప తొడిమలు తీస్తుంది,
కిలోకి ఇంతని.
చేతులు చూపించమంటే కొంగులో దాచుకుంది.
నేను సీసా విప్పాను,
చదువుకున్నదాన్ని కదా.

"పట్టులా ఉందే కెజియా" అని
మూడు నిమిషాలు నవ్వింది.
నాలుగో నిమిషం లేచి నిలబడింది.

నీళ్ళకి లొంగని కారం
నూనెకి లొంగుతుంది.
పొద్దున్నుంచీ గోళ్ళ కింద కూర్చున్న ఘాటుని
పగులు పగులుకీ మోసుకెళ్ళి
పంచిపెట్టింది నా తేలికైన నూనె.
అంత సమానంగా
నేనేదీ ఎప్పుడూ పంచలేదు.

మజ్జిగ గిన్నెలో మణికట్ల దాకా ముంచి
"నీ తప్పేం లేదులేవే" అంది,
కళ్ళు తుడుచుకోడానికి కూడా
తన చేతులు తనకి పనికిరాక.
నా చున్నీతో తుడిచాను.

సోమవారం పుస్తకంలో రాశాను:
నమూనా పద్నాలుగు.
పరుచుకోవడం, చాలా బాగుంది.
జిడ్డు, లేదు.
ఇతరం, మంట. నలభై నిమిషాలు.

సత్తార్ గారు పెన్ను తీసుకుని
ఆఖరి మాట కొట్టెయ్యబోయి
"ఎవరికి?" అన్నారు.
చెప్పాను.
పెన్ను కాసేపు గాల్లోనే ఉంది.
తర్వాత దాని కిందే
వంకర అక్షరాల్లో ఇంకో వరస:
ముందు వంటనూనెతో తుడిచి,
సబ్బుతో రెండుసార్లు కడిగి,
ఆరాక.

పదిహేనో నమూనా పట్టుకెళ్ళేసరికి
పెద్దమ్మ గుమ్మంలోనే
రెండు చేతులూ చాపింది,
బళ్ళో గోళ్ళు చూపించే పిల్లలా,
సబ్బు వాసనతో.

ఒక్క చుక్క వేశాను.
పది లెక్కపెట్టాం. ఇరవై.
నాలుగో నిమిషం దాకా నేను ఊపిరి తీసుకోలేదు.

"వాసనే లేదేంటే," అంది చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని,
"అసలు వేశావా?"