రిమార్కుల గడి

జూన్‌లో కాలువలకి నీళ్ళొదిలిన వారం
పంటు దిగి, బూట్లు చేత్తో పట్టుకుని, ఇసకలో నడిచి
తొలిసారి వెళ్ళాను ఆ లంక బడికి.
సంచిలో ఫారం. ఫారంలో ఇరవై మూడు గడులు.

రెండు గదులు, ఐదు తరగతులు, ముప్ఫై ఒక్కమంది పిల్లలు,
ఒక్క టీచరు, గెడ్డం ఎస్తేరు.
చివరి బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను.
పాఠ్య ప్రణాళిక: అసంపూర్ణం.
బోధనోపకరణాలు: కనబడలేదు.
నోటు పుస్తకాల దిద్దుబాటు: మూడో పేజీ దాకానే.

"ఇంకేవైనా చెప్తారా సార్?" అంది ఆవిడ
సుద్దముక్క ఇంకా వేళ్ళ మధ్యే ఉండగా.
నా చూపు గడియారం మీద. ఆఖరి పంటు ఐదుంబావుకి.
"అన్నీ ఇందులో రాశానమ్మా, చదువుకోండి" అని
సంతకం పెట్టించుకుని రేవుకి వచ్చేశాను.
చెప్పాల్సిన మాటేదో ఏటి నడుమ తోచింది.
పంటు వెనక్కి తిప్పరు.

ఆగస్టులో గోదారి మూడో హెచ్చరిక దాటింది.
మిట్ట మీది బడిలోకి ఊరు ఊరంతా
కోళ్ళతో, మేకలతో, బియ్యపు డబ్బాలతో ఎక్కింది.
హాజరు యాప్‌లో ఎస్తేరు ముఖం తొమ్మిది రోజులు లేదు.
పైనుంచి నాకు తాఖీదు, నానుంచి ఆవిడకి నోటీసు.
సంజాయిషీ పడవెక్కి వచ్చింది, చెమ్మగిల్లిన ఠావు మీద:
"తొమ్మిది రోజులూ బడిలోనే ఉన్నానండి.
పగలు పాలపొడి కలిపాను, రాత్రి ఎక్కాలు చెప్పాను.
సిగ్నల్ రాలేదండి."
ఆ కాగితాన్ని ఏ ఫైల్లో పెట్టాలో
మా గుమస్తాకి తెలియలేదు. నాకూ తెలియలేదు.

దసరా సెలవులకి ముందు ఓ సాయంత్రం
లాకుల దగ్గర టీ తాగుతూ
లస్కరు వీర్రాఘవులు కొలబద్ద చూడ్డం చూశాను.
నీటి మట్టం చూశాడు, పుస్తకంలో రాశాడు,
ఆ వెంటనే వంగి చక్రం తిప్పి తలుపు జానెడు ఎత్తాడు.
"రాస్తే చాలదా?" అన్నాను.
"ఉత్తినే సూసి పోడానికైతే గుంజ పాతితే సరిపోద్ది కదండీ,
మడిసెందుకండీ? అవతల శివారు చేను ఎండతందండి" అన్నాడు.
టీ చల్లారిపోయింది.

ఈసారి ఫారం ఇంట్లో వదిలేసి వెళ్ళాను.
మూడో తరగతిలో తీసివేతలు.
కొబ్బరీనెలు పదేసి కట్టలు కట్టి ఉంచింది ఎస్తేరు.
(జూన్‌లోనూ ఉన్నాయట, కిటికీలో. నేను చీపురనుకున్నాను.)
ముప్ఫై రెండులోంచి పదిహేడు తియ్యలేక
యోహాను అనేవాడు గోళ్ళు కొరుకుతున్నాడు.
పదకొండేళ్ళ కిందటి లెక్కల మాస్టారు నాలో కదిలాడు.
నేల మీద కూచుని, "ఒక కట్ట విప్పరా" అన్నాను.
విప్పాడు. ఈనెలన్నీ చెదిరాయి. వాడు ఏడ్చాడు.
ఎస్తేరు వచ్చి ఏమీ చెప్పలేదు,
తన కట్ట ఒకటి విప్పి, వాడి పక్కనే, తనకోసమే లెక్కపెట్టుకుంది.
వాడు ఏడుపాపి తొంగి చూశాడు.
నాకు ఎవరూ ఎప్పుడూ నేర్పని పాఠమది.

ఆ రోజు ఆఖరి పంటు పోయింది.
చేపల నావలో తిరిగొస్తూ తెడ్డు చప్పుడు వింటూ
అవతలి లంక సత్తిరాజు మాస్టారికి ఫోన్ చేశాను.
గురువారాలు ఆయన ఇక్కడికి, శనివారాలు ఈవిడ అక్కడికి.
ఉత్తర్వు లేదు. పడవ ఖర్చు మేం ముగ్గురం పంచుకున్నాం.

ఏప్రిల్లో కాలువలు కట్టేశారు.
అడుగు బురదలో పిల్లలు జల్లలు వెతుక్కుంటున్నారు.
మళ్ళీ అవే ఇరవై మూడు గడులు, ఇప్పుడు కంప్యూటర్లో.
తోడుగా నిలిచిన వాళ్ళ పేరు రాయడానికి గడి లేదు.
విప్పిన కట్టకి మార్కులు లేవు.
రిమార్కుల గడి నలభై అక్షరాలకి మించి పట్టదు.
చాలాసేపు చూసి ఇంతే కొట్టాను:
"జూన్‌లో మళ్ళీ రావాలి."

పై ఆఫీసులో దాన్ని ఎస్తేరు మీద హెచ్చరికగా ఎక్కించారు.
ఆ మాట నాకు నేను చెప్పుకున్నదని
నోటితోనే చెప్పి దిద్దించాలి.
అమలాపురం బస్సులో ఉన్నాను, నిలబడి.