తూచని బియ్యం

ఇరవై రెండేళ్లు గుంటూరు మిర్చి యార్డులో
కాటా దగ్గర నిలబడ్డవాణ్ణి.
టిక్కీకి భుజం ఆనించి
నలభై కిలోలకి ఎంత తక్కువో చెప్పేవాణ్ణి.
తేమకింత, తాలుకింత, గోతానికింత
తరుగు తీయడం మరిగిన చేతికి
మనిషి మాట మీద నమ్మకం ఎట్లా కుదురుతుంది?
రైతు ఒట్టేసినా అంకెనే చూసేవాణ్ణి.

ఆదివారం గుడికి పోయేవాణ్ణి, నిజమే.
వెనక బల్ల మీద కూర్చుని
అయ్యగారి ప్రసంగాన్నీ తూచేవాణ్ణి,
గింజెంత, పొల్లెంత అని.

మా దీవెనమ్మ మాత్రం
ఎసట్లో పోసే బియ్యంలోంచి పూటకో పిడికెడు వెనక్కి తీసి
మూత సొట్టపడ్డ పాలపొడి డబ్బాలో వేసేది.
నెలాఖర్లో స్త్రీల సమాజం వాళ్ళొచ్చి వంచుకుపోయేవాళ్ళు.
లెక్క కట్టాను.
పిడికెడు యాభై గ్రాములు, రోజుకి రెండు పూటలు,
నెలకి మూడు కిలోలు.
"మీ దేవుడూ కమీషన్ కొట్టు పెట్టాడేందే,
తరుగు తీస్తున్నాడు" అన్నాను.
గంజి వార్చుకుంటూ "ఊఁ" అంది.

ఏప్రిల్లో, ఎండకే ఘాటెక్కిన ఒక మధ్యాహ్నం
తొమ్మిది వరసల నెట్టు ఒరిగింది.
తుమ్మొచ్చి తల తిప్పానంతే.
ఎడమ తొడ ఎముక రెండు ముక్కలు.
పెద్దాసుపత్రిలో రెండు మంచాల మధ్య నేల మీద మూడు రాత్రులు.
గుమాస్తా ఒకసారి వచ్చాడు, బత్తాయిలు తెచ్చాడు.
తర్వాత వచ్చింది కబురు:
పేరు కొట్టేశారు.

ఆ నాలుగు నెలలూ నేను తూచింది మా బియ్యం డ్రమ్మునే.
అందరూ పడుకున్నాక దేక్కుంటూ పోయి
చీకట్లో చెయ్యి పెట్టేవాణ్ణి.
మొదట మణికట్టు మునిగేలోపే గింజ తగిలేది.
తర్వాత మోచేయి.
ఆ తర్వాత భుజం దాకా వంచినా
అడుగు రేకు చల్లదనం.
ఆ రోజుల్లో కూడా ఆమె పిడికెడు తీయడం
కళ్ళారా చూశాను.
డబ్బా లాక్కుని విసిరికొట్టాను.

తిట్టలేదు. చాప ఎత్తి ఒక్కో గింజా ఏరింది.
"ప్రార్థనలో ఈ పూటకే గదా అడుగుతాం,
నువ్వు రేపట్లోకి కూడా చెయ్యి పెట్టి తడుముతావేంది?"
నాకు జవాబు దొరకలేదు.
కోపం మాత్రం దొరికింది.

వానలు పట్టిన వారం
సంగడిగుంట నుంచి సారమ్మ, ఇంకో ఇద్దరు
తడిసిన కొంగులతో ఒక సంచి మోసుకొచ్చి గుమ్మంలో దించారు.
నా నోరు ఊరుకోదు గదా,
"ఎన్ని కిలోలు?" అన్నాను.
"తూచలేదయ్యా. డబ్బాలన్నీ వంచాం, అంతే."

తూచలేదు.
ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఆ అన్నం ఒకేలా ఉడకలేదు.
కోటా బియ్యం ముద్దయింది,
పాత సన్నాలు పలుకు మిగిలాయి,
ఎవరింటివో నూకలు, ఎవరింటిదో ఒక రాయి.
మా పిడికెళ్ళు కూడా ఇన్నాళ్ళూ
ఎవరి కంచంలోనో
ఇట్లాగే ఉడికీ ఉడక్కా ఉండుంటాయి.
కళ్ళు తుడుచుకుంటే పిల్లలు చూశారు.
పచ్చిమిరపకాయ కొరికానని చెప్పాను.

నమ్మకం వచ్చేసిందని సాక్ష్యం చెప్పమంటే
నిలబడలేను.
చేతికర్రతో నడిచేవాడికి
అడుగు వేశాకే తెలుస్తుంది, నేల ఉందని.
ఇప్పటికీ కొన్ని రాత్రులు డ్రమ్ము మూత తీస్తాను.
చెయ్యి పెట్టకుండానే మూసి,
"ప్రభువా, నీదే భారం" అని పడుకుంటాను.
కొన్ని రాత్రులు పెడతాను కూడా.

మళ్ళీ పన్లోకి రమ్మన్న రోజు
కాటా మీద ఏమీ లేకుండా ముందు సున్నా చూసుకోవాలి,
అది పద్ధతి, ఏళ్ళుగా చూసిందే.
ఆ పొద్దున ఆ సున్నా వైపు
కాస్త ఎక్కువసేపు చూశాను.
వెనకాల రైతు విసుక్కున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఎసరు మరుగుతోంది.
"ఉండు, నేను తీస్తా" అన్నాను.
నా పిడికిలి పెద్దది.
దీవెనమ్మ చూసి నవ్వింది.
"కాస్త తగ్గించు మనిషీ,
పిల్లలు తినొద్దా?"