మూతి తిప్పడం

నీళ్ళలోకి దిగేముందు చేయాల్సినవి
నాకింకా నోటికొచ్చు.
అడుగు బిరడాలు బిగించాలి.
ముందు పలకని పైకి లేపాలి,
అల ముఖాన కొట్టకుండా.
నీళ్ళు తోడే పంపు వేసి దాని దగ్గు వినాలి.
దగ్గు వినపడకపోతే దిగకూడదు.

ఆ వసంతంలో తీసా నది
గట్టు తెంపుకుని గోధుమచేలలో పడింది.
మా బండికి అక్షరాలూ అంకెలూ కలిసిన పేరొకటుండేది.
నడిపే వెందెల్ మాత్రం దాన్ని "మా పంది" అనేవాడు.
నాలుగు చక్రాలు, వెనక నీళ్ళు చిమ్మే గొట్టాలు.
నేలమీద ఎంత మొరటో
నీళ్ళలో అంత బిడియం దానికి,
కొత్తగా ఈత నేర్చిన లావుపాటి మనిషిలాగా.

నా చోటు పైన, తిరిగే బురుజులో.
ఒక పక్క పద్నాలుగున్నర మిల్లీమీటర్ల పెద్ద మరతుపాకి,
దాన్ని ఆనుకుని చిన్నది, ఏడూ చిల్లర.
పెద్దదాని తూటా ఒక్కటి పట్టుకుంటే
మణికట్టు దగ్గర మొదలై
నడిమివేలి కణుపు దాకా వచ్చేది.
అవి ఐదువందలు. చిన్నవి రెండువేలు.
"వరదకి పోతున్నాం కదా, ఇవెందుకు?" అన్నాను.
"జాబితాలో ఉన్నాయి" అన్నాడు సార్జంట్ బొదోర్.

ఊళ్ళో పచ్చి ఇటుకల గోడలు
నానిన రొట్టెలా జారిపోతున్నాయి.
పందుల కొట్టం కప్పుమీద బోరిష్ పెద్దమ్మ,
ఒళ్ళో పొదుగుతున్న బాతు, పక్కన గుడ్ల బుట్ట.
వెందెల్ పిలిచాడు.
ఆమె వెందెల్‌ని చూడలేదు. నన్నూ చూడలేదు.
ఆమె చూస్తున్నవైపు చూశాను:
రోజూ నూనె గుడ్డతో నేను తుడిచే గొట్టం.
దాని కొస ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో
అంతవరకూ నాకు తట్టనేలేదు.

"పద్నాలుగేళ్ళ కిందటా ఇట్లాగే వచ్చారు," అంది.
"అప్పుడు నీళ్ళు లేవు.
ముందు దాని మూతి అటు తిప్పించు."

సార్జంట్ ఏమీ అనలేదు.
చేతి చక్రం తిప్పాను.
గురి గీతల మీదుగా ఒక్కొక్కటే జరిగాయి
పూతకొచ్చిన ఆపిల్ చెట్టు,
పొట్ట ఉబ్బిన దూడ,
తీగలు తెగిన స్తంభం,
దానెక్కి కూర్చున్న ఎవరిదో పిల్లి.
ఆ అద్దంలోంచి
దేన్ని చూసినా గురి చూసినట్టే.
చివరికి ఏమీ లేదు, నీళ్ళు తప్ప.

నీళ్ళమీద పక్క తలుపు తీయకూడదు,
పైమూతలోంచే దింపుకున్నాం.
ముందు బుట్ట. తర్వాత బాతు,
అది నా బొటనవేలు పట్టి వదల్లేదు.
ఆఖరున ఆమె, తడిసిన ఏడు పావడాలతో.
తూటాల పెట్టెమీద కూర్చుంది.
గుడ్లకి ఇంజన్ వేడి తగలాలని
వెందెల్ వీపుకి బుట్ట ఆనించింది.
"కుదిపితే చంపుతా" అని వాడికి చెప్పింది.

సాయంత్రం ఆయుధాల కొట్లో లెక్క.
ఐదువందలకి ఐదువందలు, రెండువేలకి రెండువేలు.
తూటాల వరసలో ఇరుక్కున్న ఒక తెల్లటి ఈక
ఏ గడిలో రాయాలో
సార్జంట్‌కి తెలియలేదు. జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడొచ్చినవాళ్ళెవరని నేనామెని అడగలేదు.
ఆ ఏడాది మా మామయ్య యూనిఫాంలో ఉన్నాడు.
పండగ భోజనాల దగ్గర
ఆయనకి ఉప్పు అందించేవాళ్ళం,
ఇంకేమీ అడిగేవాళ్ళం కాదు.

ఇప్పటికీ కొన్ని రాత్రులు దిగ్గున లేస్తాను.
బిరడాలు బిగించానా?
చీకట్లో చెవి పెట్టి
పంపు దగ్గు కోసం వింటాను.