వయసు ఖాతా

పర్లాకిమిడిలో అద్దెగది.
పన్నెండేళ్ల చావులు నా బల్ల మీద,
గుండ్రటి ఒడియా అక్షరాల్లో.
'బొయొసొ' అన్న గడి నిండా
అరవై, అరవై, యాభై ఐదు, అరవై.
ఇక్కడి మనుషులు
సున్నా దగ్గరో ఐదు దగ్గరో తప్ప పోరు కాబోలు.

వయసుకో గీత గీశాను.
ముప్పై దాటాక ఎనిమిదేళ్లకోసారి
మృత్యువు రెట్టింపు,
చక్రవడ్డీ లెక్కే, షావుకారొక్కడే కనబడడు.
దాని పక్కన బావినీళ్లు పెట్టాను, పొయ్యిపొగ పెట్టాను,
క్రషర్‌కి ఇంటికి మధ్య మీటర్లు పెట్టాను.
మోడల్ రాత్రంతా నమిలి
తెల్లారి చెప్పింది: వయసే. అంతా వయసే.
ధూళి గుణకం సున్నాకి కాస్త ఇటు, కాస్త అటు.

నమ్మాను.
నివేదికలో ఒక వాక్యం కూడా రాసి
ఊరికే చూసొద్దామని కొత్తసాహికి ఆటో ఎక్కాను.

బొమ్మాళి సాయమ్మ గుమ్మంలో చింతపిక్కలు తీస్తోంది.
"దండాసికి అరవయ్యా?"
నవ్వింది. నవ్వుకి దగ్గొచ్చింది.
"పెళ్లినాటికి ఆడికి మీసాలే సరిగ్గా నేవు.
మా బుల్లోడింకా తొమ్మిదో తరగతి.
నలభై రెండమ్మా, మా అప్ప లెక్కెట్టి సెప్పింది."

మరి రిజిస్టర్లో?

"సామల్ బాబు శవాన్ని సూసి రాసినాడు.
తల తెల్లగుంది, దవడలు లోనకి పోనాయి.
తానం సేయించినప్పుడు
సగం తెలుపు నీళ్లలో పోనాది.
అప్పటికే రాసేసి ఎల్లిపోనాడు."

ధూళి చేసిన పనిని
నేను వయసు ఖాతాలో వేశాను.
పద్దెనిమిదేళ్లు ఒక మనిషి తల మీద పొడిగా రాలితే
నా గీత దాన్ని మింగి ఊరుకుంది,
చుక్క కూడా పక్కకి జరగలేదు.
అంత బాగా కుదిరినప్పుడే అనుమానించాల్సింది.

వాక్యం కొట్టేశాను.
ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాను:
పెద్ద తుఫాను నాటికి పాకుతున్నాడా, నడుస్తున్నాడా?
మహేంద్రతనయ పొంగిన రాత్రి ఎవరి భుజం మీదున్నాడు?
పెళ్లిఫోటో ఉందా, కొంచెం వెలుగులోకి తిప్పండి.

నలభై ఒకటి. ముప్పై ఎనిమిది. నలభై మూడు.
ఒక్కో అంకె దిగుతుంటే
లెక్క బాగుపడుతోంది,
ఇంట్లోవాళ్లు మాత్రం అదే మొదటిసారి విన్నట్టు
తలుపు పట్టుకుని నిలబడుతున్నారు.

ముప్పై ఏడో ఇంటి దగ్గర
సైకిలు నడిపించుకుంటూ సామల్ బాబు ఎదురొచ్చాడు.
కనుబొమలు కూడా తెల్లబడ్డాయి.
ఇరవై ఏళ్లుగా ఇదే దారిన వస్తున్నాడట,
చనిపోయినవాళ్లని రాసుకోడానికి.
మీ వయసెంతండీ అన్నాను.
"యాభై అని వేసుకోండి."

పెన్సిలుతోనే వేసుకున్నాను.